గిన్నె ముందా, తువ్వాలు ముందా

మా అమ్మకి ముక్కు పనిచేయదన్న సంగతి ఎన్సువానో ఊరు మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఒకరు మా అమ్మ, రెండోదాన్ని నేను. ముక్కు పనిచేయకపోతే ఏమైందిలే, బుర్ర పనిచేయనివాళ్ళు రాజధానిలో కుర్చీలెక్కి కూర్చోవడం లేదా అని మీరనొచ్చు. కానీ మా అమ్మ ఈ రేవుకి కొంకొహేమా, అంటే చేపల రాణి. ఊరు బతికేది ఆ ముక్కు మీదే.

మా రేవులో పొద్దున పడవ ఒడ్డు తగలగానే ఎవరూ గంప ముట్టుకోకూడదు. రాణి పీట వేసుకుని కూర్చుంటుంది. కుప్ప మధ్యలోంచి ఒక చేప తీసి, అక్కడే కుంపటి మీద కాల్చి, ఉప్పూ కారం లేకుండా ఆమె చేతికిస్తారు. ఆమె వాసన చూసి, కొరికి, నిదానంగా నమిలి మింగుతుంది. "సముద్రం చేపే" అంటే బేరం మొదలు. ఆ మాట అనలేదంటే ఆ పడవ చేపలన్నీ ఇసకలో గొయ్యి తీసి కప్పెట్టాలి, పడవని మళ్ళీ మంగళవారం దాకా బోర్లించాలి. కుమాసీ పట్నం నుంచి లారీలేసుకుని వచ్చే బేరగత్తెలు దారిలో నాలుగు రేవులు దాటి మా దగ్గరికి వచ్చేది ఆ ఒక్క మాట కోసం. మా చేపలకేం కొమ్ములు లేవు.

పోయిన వానాకాలం అమ్మకి పెద్ద జ్వరం వచ్చింది. పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ కూడా పట్టుకుపోయింది. నాకెలా తెలిసిందంటే, ఓ రోజు వేరుశనగ పులుసు అడుగంటి బొగ్గయింది. వేరే దారిలేక అదే పెట్టాను. అమ్మ రెండో సారి వడ్డించమంది. "ఇవాళ కుదిరిందే అరబా" అంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మా అమ్మ నా వంట మెచ్చుకోవడం అదే మొదలు. ఇదేదో పెద్ద జబ్బేనని అప్పుడే అర్థమైంది.

రాణికి ముక్కు లేదని తెలిస్తే లారీలు మా రేవు దగ్గర బ్రేకు కూడా వేయవు. అందుకని ఇద్దరం ఓ ఏర్పాటు చేసుకున్నాం. కాల్చిన చేప పొట్టు తీసి అమ్మ చేతిలో పెట్టేది ఎప్పుడూ నేనే, కూతుర్ని కాబట్టి. పొట్టు తీస్తున్నప్పుడు వాసన చూస్తాను. నా ఎడం పక్కన నీళ్ళ గిన్నె, భుజం మీద తువ్వాలు. చేప మంచిదైతే గిన్నె ముందు అందిస్తాను. కాకపోతే తువ్వాలు ముందు. అమ్మ అటూ ఇటూ చూడకుండా, కళ్ళు అరమూసుకుని, ముక్కు దగ్గర చేప పెట్టుకుని అంత గంభీరంగా గాలి పీల్చేది, ఒక్కోసారి నేనే నమ్మేసేదాన్ని.

ఇలా సాఫీగానే జరిగిపోతుండగా కవళ్ళ చేపల కాలం వచ్చింది. కవళ్ళు మాత్రం రాలేదు. చీకటి పడితే చాలు, సముద్రం మీద పట్నం వెలిసినట్టు ఇనప ఓడలు దీపాలు పెట్టుకుని తిరుగుతుంటాయి. మనకి రావలసినవన్నీ వాటి కడుపులోకి పోతున్నాయని మా మగవాళ్ళు వేపచెట్టు నీడలో కూర్చుని రోజూ చెప్పుకుంటారు. నిజమే చెప్పుకుంటారు. చెప్పుకోవడం వల్ల ఎవరి కుండా ఉడకలేదు. ఒడ్డున సగం పడవలు బోర్లా పడి ఉన్నాయి. వాటి కింద మేకలు పడుకుంటున్నాయి, వాటి మీద మేం బట్టలారేసుకుంటున్నాం.

అలాంటి రోజుల్లో ఓ పొద్దున ఎఫువా బాడూ పడవ నిండుగా వచ్చింది. ఎఫువా మొగుణ్ణి సముద్రమే తీసుకుంది, పడవ మాత్రం ఒడ్డుకొచ్చింది. మరుదుల్ని పెట్టుకుని ఆమే నడిపిస్తోంది. పిల్లలు నలుగురు. నేను చేప పొట్టు తీశాను. గుప్పున నిమ్మకాయ వాసన కొట్టింది.

సముద్రంలో నిమ్మతోటలు లేవు. ఇది సబ్బు పొడి. దీపం పెట్టి, సబ్బు పొడి కలిపిన నీళ్ళు పోస్తే చేపలకి మత్తెక్కి పైకి తేలతాయని పక్క రేవుల్లో చేస్తున్నారని వింటున్నదే. తల ఎత్తి చూశాను. ఎఫువా పడవ అంచు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఏం ప్రార్థిస్తోందో, ఏ దేవుణ్ణో.

గిన్నె ముందు ఇచ్చాను.

"సముద్రం చేపే" అంది అమ్మ.

ఏదో ఒక్క పడవ, కాస్త సబ్బు. చేపలు స్నానం చేసి వచ్చాయనుకుందాంలే అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ మా ఊరి మగవాళ్ళు తెలివైనవాళ్ళు. ఎఫువా మరుదులు ఏం పోశారో వాళ్ళకి తెలుసు. మా అమ్మ ముక్కు సంగతి వాళ్ళకి తెలియదు. రెండూ కలుపుకుని లెక్క కట్టారు. రాణమ్మ ముక్కుకి అందకుండా ఉంటుందా? తెలిసే ఊరుకుంది. ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే!

ఇంకేముంది. వారం తిరిగేసరికి మూల దుకాణంలో సబ్బు పొడి దొరకడం మానేసింది. ఎన్సువానో పుట్టాక ఇంత సబ్బు ఎప్పుడూ అమ్ముడుపోలేదు, జనం ఇంత మురికి బట్టలు ఎప్పుడూ కట్టుకోలేదు. నేను ఒక్కో పడవకీ గిన్నె అందిస్తూనే ఉన్నాను. ఎఫువాకి గిన్నె ఇచ్చిన చేత్తో పక్కవాడికి తువ్వాలు ఎలా ఇవ్వను? ఆమె చేప నిమ్మకాయ వాసనేస్తే సముద్రం, నాది వేస్తే సబ్బా అని నిలదీయడూ?

సోమవారం మధ్యాహ్నం లారీ దిగింది అచియా. కుమాసీ బేరగత్తెలందరికీ పెద్ద. మనిషి ఎంతో గొంతూ అంతే. వస్తూనే ఓ బేసిన్ తెచ్చి అమ్మ కాళ్ళ ముందు కుమ్మరించింది. పొగబెట్టిన కవళ్ళు. ఒకదానికొకటి తగిలితే చెక్కలా టకటకమనాల్సినవి, పొడి పొడిగా రాలాయి.

"ఇవి చేపలా రాణమ్మా, చేపల బూడిదా? మా సంతలో ఆడవాళ్ళు తిరిగి నా మొహాన కొట్టారు. ఓ పిల్లకి రెండు రోజులు వాంతులు. చేపలు నాకు ఏ రేవులోనైనా దొరుకుతాయి. ఇన్నేళ్ళూ ఇక్కడ నేను కొనుక్కుంటున్నది నీ మాట. అదే కుళ్ళిపోతే ఇంత దూరం డీజిలు తగలేసుకుని ఎందుకు రావాలి?"

అమ్మ ఆ పొడిని చేత్తో తిరగేసింది. "గురువారం రా" అంది. "వచ్చి నా పక్కనే కూర్చో. అప్పటికీ బాగాలేకపోతే ఇక రాకు."

"వస్తాను. అదే ఆఖరు" అని లారీ ఎక్కేసింది అచియా.

ఇంట్లోకి రాగానే అమ్మ తలుపు వేసింది. మా ఇంట్లో పగటిపూట తలుపు వేయడమంటే ఎవరో పోయినప్పుడే.

"నా ముక్కు తెచ్చి నీ మొహాన పెట్టాను. దాన్ని అమ్ముకున్నావా?"

"అమ్ముకోలేదమ్మా. ఊరికే ఇచ్చేశాను."

"అది ఇంకా దరిద్రం!"

"ఎఫువా పిల్లల్ని చూసి…"

"ఎఫువా పిల్లలు నాకు కనపడరా? పోయింది ముక్కే, కళ్ళు కాదు. జాలేస్తే మన కుండలోంచి తీసి పెట్టు. నా నాలుక మీంచి పెట్టకు." తలుపు గడియ మళ్ళీ చూసి వచ్చింది. "గురువారం నాకు నిజం అందించు. ఎవరి పడవైనా సరే."

"ఎవరిదైనా?"

"మీ ఆయనదైనా."

"జోజో అలాంటివాడు కాదమ్మా!"

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయాలంటే వేరే కాగితాలు కావాలి.

మర్నాడు మంగళవారం. మంగళవారం సముద్రానికి విశ్రాంతి, వల దించకూడదు. నేను పుట్టింది మంగళవారమే. సముద్రం పడుకునే రోజున పుట్టావు, అందుకే నీకింత నిద్ర అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. సముద్రానికి విశ్రాంతి కాబట్టి మాకు చాకిరీ. ఆ రోజే ఉతుకుడు. మా వైపు పెళ్ళయినా ఎవరమ్మ ఇంట్లో వాళ్ళే ఉంటారు. మా ఆయన జోజో ఇల్లు సందుకి అవతల, వాళ్ళమ్మగారి వాకిట్లో. నేనూ మా పిల్ల కూకువా ఇవతల మా అమ్మ వాకిట్లో. పొద్దుగూకేసరికి నేను ఆయనకి అన్నం మోసుకెళ్తాను, మంగళవారం పొద్దున్నే ఆయన బట్టలు నాకొస్తాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే మా సరిహద్దు వ్యాపారం.

కేప్ కోస్ట్ పట్నం వెళ్ళినప్పుడు చవగ్గా వస్తోందని ఓ పెద్ద సంచీ సబ్బు పొడి కొని స్నానాల గదిలో కట్టెల వెనక దాచుకున్నాను. సంచీ విప్పితే అడుక్కి దగ్గర పడింది. ఉతికేది వారానికోసారి. మరి రోజూ ఎవరు ఉతుకుతున్నట్టు? ఆయన చొక్కా తీసి కాలరు చూశాను. ఎప్పటిలాగే నల్లగా నవ్వుతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్రోలు, చెమట, వాటి వెనకాల సన్నగా నిమ్మకాయ.

సాయంత్రం డోకోనూ, అంటే పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద, పచ్చిమిర్చి నూరిందీ తీసుకెళ్ళి ముందు పెట్టాను. సగం తిన్నాక అడిగాను. "ఏమయ్యా, ఈ మధ్య వలలు సబ్బుతో కడుగుతున్నారా?"

నమలడం ఆగింది. "వలలా? ఆ… ఎప్పుడైనా."

"చొక్కా కూడా వలతో పాటు ముంచకపోయావా? నాకు కాలరు రుద్దే పని తప్పేది."

జోజో పెద్ద మనిషి. అబద్ధం ఆడితే మోకాళ్ళు ఊగుతాయి. కూర్చున్నాడు కాబట్టి ముందున్న పళ్ళెం గిరగిరా తిప్పాడు. "అరబా, నా పడవ మీద పదకొండు ఇళ్ళున్నాయి. అందరూ పోస్తుంటే నేనొక్కణ్ణీ చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ ఇళ్ళు ఏం తింటాయి? అయినా మీ అమ్మకి తెలియదనుకున్నావా? మూడు పడవల అవతల ఒక్క కుళ్ళిన రొయ్యని పట్టిన ముక్కు అది. అన్నీ తెలిసి మింగుతోంది మహాతల్లి, ఊరు బతకాలని."

ఆ మహాతల్లి ఏం మింగుతోందో నోటిదాకా వచ్చింది. అమ్మతో చేసుకున్న ఏర్పాటు గుర్తొచ్చి ఆగింది.

"గురువారం అచియా వస్తోంది కదా" అన్నాను.

"అందుకే. లారీ ఖాళీగా పోతే మళ్ళీ రాదు. రేపు ఒక్క రాత్రికి, అంతే. తర్వాత మానేస్తాను, ఒట్టు."

ఒక్క రాత్రికే అన్న మాట ఆ వారం మా ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో వినపడిందో.

ఇంటికొచ్చి ఆలోచించాను. గిన్నె ఇస్తే అమ్మ మాట పోతుంది, దాంతో లారీలూ రేవూ పోతాయి. తువ్వాలు ఇస్తే మా ఆయన పేరు పోతుంది. సొంత పెళ్ళామే చేపలు కప్పెట్టించిందన్న మాట ఆయన పోయాక కూడా ఊళ్ళో బతికే ఉంటుంది. కాలేజీలో నాకు రసాయన శాస్త్రం చెప్పారు. సబ్బు మీద ఓ పాఠం ఉంది కూడా. దాన్ని మొగుడి పడవలోంచి బయటికి తీయడం ఎలాగో అందులో లేదు. చివరికి నన్ను గట్టెక్కించింది వంటిల్లే.

కొకొంటే పిండి మీకు తెలుసుగా, కర్రపెండలం ఎండబెట్టి దంచింది. తెల్లగానూ ఉండదు, బూడిద రంగూ కాదు. చూడ్డానికి చవక రకం సబ్బు పొడికి చెల్లెలే. బుధవారం మధ్యాహ్నం సంచీలో మిగిలిన సబ్బంతా కుండలోకి వంచేసి, మళ్ళీ కొన్నాననుకుంటాడులే అని సంచీ నిండా పిండి పోశాను. మూతి చుట్టూ మాత్రం పైపైన చిటికెడు సబ్బు చల్లాను, వాసన కోసం. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన కూర్చుని మా ఆయన ముక్కు కూడా దాదాపు అమ్మ ముక్కులాంటిదే. పైగా పెళ్ళాం సొమ్ము దొంగచాటుగా తీసుకునే మనిషి నాణ్యం పరీక్షిస్తూ నిలబడడు కదా. పొద్దువాలుతుండగా వచ్చాడు, "కూకువా ఏదీ" అని ఊరికే ఓ కేక వేశాడు, స్నానాల గదిలోకి వెళ్ళి నల్ల కవరు నింపుకుని చొక్కా కింద పెట్టుకుని వెళ్ళిపోయాడు. పొట్ట పెరిగినట్టుంది ఏమయ్యా అందామనుకుని ఊరుకున్నాను.

చేపలు పడకపోయినా పరవాలేదు. పడకపోవడం మా ఊళ్ళో ఎవరూ తప్పు పట్టరు.

గురువారం తెల్లవారేసరికి పాట వినిపించింది. ఖాళీ పడవ పాడదు. మా ఆయన పడవే ముందు. అంచుల దాకా కవళ్ళు. పిండికి వచ్చాయో, దీపానికి వచ్చాయో, మా మీద జాలిపడి వాటంతటవే వచ్చాయో నాకిప్పటికీ తెలియదు. వెనక మిగతా పడవలు వరసగా ఒడ్డెక్కాయి. అచియా అమ్మ పీట పక్కనే సొంత పీట వేసుకుని, కొంగు బిగించి కూర్చుంది.

కాల్చిన చేప నా చేతికొచ్చింది. పొట్టు తీశాను. ఉప్పు, సముద్రం, బొగ్గుల పొగ. ఇంకేమీ లేదు. నవ్వు బయటికి రాకుండా బుగ్గ లోపల కొరుక్కుని, చేప అమ్మకిచ్చి, గిన్నె ముందు అందించాను. అమ్మ వేళ్ళు గిన్నె అంచు మీద ఒక్క క్షణం నిలిచాయి. తర్వాత చేప పైకెత్తింది.

"ఆగు రాణమ్మా" అంది అచియా. "నువ్వు తింటే నాకు చాలదు. నీది పాతకాలం పొట్ట, గులకరాళ్ళు వేసినా అరాయించుకుంటుంది. వాంతులయింది పిల్లకి."

అమ్మ వెనక్కి తిరిగింది. "కూకువా, ఇలా రా తల్లీ." మా పిల్ల గెంతుకుంటూ వచ్చింది. నాలుగేళ్ళది, పొద్దున్నే చేప పెడతామంటే రాదా? అమ్మ ముల్లు తీసి ముక్క విరిచింది. పిల్ల పక్షికూనలా నోరు తెరిచింది.

"అత్తా! వద్దు!"

మా ఆయన నీళ్ళలోంచి పరిగెత్తుకొచ్చి అమ్మ చేతిలో ముక్కని కొట్టేశాడు. అది ఇసకలో పడింది. అల్లుడు అత్త మీద చెయ్యెత్తడం ఈ తీరం మీద ఎవరూ చూసి ఉండరు. పిల్లని ఎత్తుకుని గుండెకేసి అదుముకున్నాడు.

"అది సబ్బు చేప. రాత్రి నేనే పోశాను, నా చేత్తో. మీరు తెలిసి తింటున్నారు, తినండి అత్తా, మీ ఇష్టం. నా పిల్లకి పెట్టకండి." మోకాళ్ళు ఊగడం లేదు. అది గమనించాను.

అప్పుడే నోరు విప్పి ఉండాల్సింది. విప్పబోయాను కూడా. ఈలోగా రెండో పడవ సరంగు తన చేపల మీద టార్పాలిను లాగడం కనిపించింది. ఒక్క నిమిషం ఆగితే నా సొమ్మేం పోతుంది అనిపించి ఆగాను.

"మాదీ అంతే రాణమ్మా" అన్నాడు ఆ సరంగు, నేల చూపులు చూస్తూ.

"మాదీ…"

"మా దాంట్లో కొంచెమే పోశాం."

"కొంచెమేంటిరా, రెండు సంచీలు నువ్వే మోశావుగా!" అని ఎవరో వెనకనుంచి. సబ్బు పేరు చెప్పి ఊరు అంతలా కడుక్కోవడం అదే చూడ్డం.

ఎఫువా బాడూ ఒక్కతే ఏమీ అనలేదు. పడవ అంచు పట్టుకుని నిలబడింది, ఆ రోజులాగే.

అమ్మ ఇవేమీ వింటున్నట్టు లేదు. ఒళ్ళో గిన్నె వైపు చూస్తోంది. అల్లుడు సబ్బంటున్నాడు. గిన్నె సముద్రం అంటోంది. ఆ గిన్నె ఇచ్చిన చెయ్యి ఇన్ని రోజులూ ఆమెకి అబద్ధం అందించిన చెయ్యి. కూతురు మొగుణ్ణి కాపాడుకుంటోందనుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

"అరబా."

"ఊఁ అమ్మా."

"నీళ్ళు ఇవేనా?"

"అవే అమ్మా."

"తువ్వాలు అక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా."

నా కళ్ళలోకి చూసింది. నేను కళ్ళు దించలేదు. అమ్మ మిగిలిన చేప నోట్లో పెట్టుకుంది. మట్టి నమిలినా, మామిడి పండు నమిలినా ఒకటే ఆ నోటికి. నిదానంగా నమిలింది, మింగింది, నీళ్ళతో పుక్కిలించింది.

"సముద్రం చేపే."

ఒడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. "పోసినవాడే పోశానని మొత్తుకుంటుంటే ఇంకా సముద్రం అంటావేంటమ్మా!" అని అచియా లేచి నిలబడింది.

"పోశాడు. కానీ పోసింది సబ్బు కాదు" అన్నాను నేను. "కొకొంటే పిండి. సంచీలో నేనే మార్చాను."

మా పడవలో చిన్నవాడు ఫీఫీ నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "అందుకేనా అక్కా నురగ రాలేదు! రాత్రంతా తెడ్డేసి కలుపుతూనే ఉన్నాను. చేతులు పడిపోయాయి. గంజి అయింది గానీ నురగ రాలేదు! అన్నేమో ఇంకా కలుపు, ఇంకా కలుపు అంటాడు!"

ముందు నవ్వింది అచియానే. ఆవిడ నవ్వితే పీట కూడా నవ్వుతుంది. కళ్ళు తుడుచుకుని, మా పడవలోంచి తనే ఓ చేప ఎంచి, తనే కాల్చి, తనే వాసన చూసి తినింది. ఇంకోటి తినింది. "ఉప్పేస్తే ఇంకా బాగుండు" అని తన మనుషులకి సైగ చేసింది. గంపలు లారీలోకి ఎక్కసాగాయి. వెళ్తూ వెళ్తూ నా భుజం మీది తువ్వాలు కొస పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టింది. "నేను ఇన్నేళ్ళూ కొనుక్కుంటున్నది రాణమ్మ మాటనుకున్నాను. నీ గిన్నెనా?"

"ఏదైనా మా ఇంట్లోదేగా పిన్నీ."

"సరే. పగలగొట్టుకోకు మరి."

మా ఆయన పిల్లని దించకుండా నా వైపే చూస్తున్నాడు. అది కోపమో, సిగ్గో, పెళ్ళాం నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి చూపో, ఎలా విడగొట్టి చెప్పను? మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వదలకుండా తిన్నాడు.

టార్పాలిన్లు కప్పుకున్న పడవలవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే గోతులు తవ్వడం మొదలుపెట్టారు. అంతా అయిపోయిందనుకుంటుండగా ఎఫువా బాడూ వచ్చింది. తన పడవలోంచి తనే ఒక చేప తెచ్చి కుంపటి మీద పెట్టింది. ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. పోయినసారి గట్టెక్కించిన పద్ధతి ఈసారీ గట్టెక్కిస్తుందేమోనని ఆశ.

పొట్టు తీశాను. నిమ్మకాయ.

మా ఇంట్లో పిండి ఉంది. మార్చడానికి సంచీ నా చేతి కింద ఉంది. ఎఫువాకి ఎవరు మార్చి పెడతారు? ఇన్నాళ్ళూ ఆమెకిచ్చిన గిన్నె నా ఎడం పక్కనే ఉంది. భుజం మీంచి తువ్వాలు తీసి అమ్మకిచ్చాను.

అమ్మ చేతులు తుడుచుకుంది. "గొయ్యి తీయండి" అంది, మెల్లగా.

చేపలు కప్పెట్టాక ఎఫువా నా దగ్గరికొచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నీ మొగుడికి పిండి కలిపిన దానివి, నాకూ ఓ గుప్పెడు కలపాలనిపించలేదా వదినా? సందుకి ఈ చివర్నేగా నా ఇల్లు."

నేను గిన్నెలో మిగిలిన నీళ్ళు తీసి కుంపటి మీద పోశాను.

ఆ సాయంత్రం అమ్మ మా కుండలోంచి చేపల పులుసు పెద్ద గిన్నెలోకి వంచి నా నెత్తిన పెట్టింది. తీసుకెళ్ళి ఎఫువా గడపలో దించాను. తీసుకుంది, పలకరించలేదు. మర్నాడు గిన్నె తిరిగొచ్చింది. తళతళా తోమి పంపింది. మూత తీస్తే ఘాటుగా నిమ్మకాయ వాసన. నేనూ తక్కువదాన్ని కాదు గానీ, ఈ విషయంలో నాకన్నా రెండాకులు ఎక్కువే చదివింది.

మంగళవారం వచ్చింది. బోర్లించిన పడవలు మళ్ళీ తిరగేస్తున్నారు. నేను సగం బస్తా కొకొంటే పిండి నెత్తిన పెట్టుకుని సందు చివరికి నడిచాను. ఎఫువా వాకిట్లో బట్టలుతుకుతోంది.

"ఏంటది?"

"పిండి."

"పిండికి చేపలొస్తాయా?"

"మొన్న వచ్చాయి."

"రేపూ వస్తాయని ఏంటి నమ్మకం?"

"ఏమీ లేదు. రాకపోతే ఆ మిగిలిన పిండే ఉడకేసుకుని పిల్లలకి పెట్టుకోవచ్చు. సబ్బుతో ఆ సుఖం లేదు కదా."

మూతి ఓ పక్కకి తిరిగింది. నవ్వు అని నేను ప్రమాణం చేయలేను. "మళ్ళీ నిమ్మకాయ వాసనొస్తే?"

"తువ్వాలే."

"నేనైనా?"

"నువ్వైనా. మా ఆయనైనా. మా అమ్మే తెడ్డేసి పట్టుకొచ్చినా."

ఎఫువా చేతుల నురగ నడుముకి చుట్టుకున్న గుడ్డకి తుడుచుకుని లేచింది. బస్తా దించడానికి సాయం పట్టింది. మూతి విప్పి, చెయ్యి పెట్టి, పైపైన కాకుండా అడుగునుంచి గుప్పెడు తీసింది. నా మొహం వైపు ఓసారి చూసి, ఆ గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుని, మా అమ్మ కన్నా గంభీరంగా, గట్టిగా వాసన చూసింది.